వెనక గుమ్మంలో మూడు డబ్బాలు

మార్చి 4

అక్కా,

నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఆ ఆసుపత్రి వంటింట్లో రోజంతా నిలబడకు, ఓ ఎత్తు పీట వేయించుకుని కూర్చో అని పోయిన ఉత్తరంలో కూడా రాశాను. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మన ఇంట్లో మాత్రం వినేదానికి చెప్పేదాన్ని నేనే లోకువ.

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. మీ మరిదికి ఆఫీసులో పని ఎక్కువైంది. ఇంటికొచ్చి పేపరు మొహాన కప్పుకుని కుర్చీలోనే నిద్రపోతున్నారు. మీ బుల్లికి స్కూల్లో పరీక్షల హడావిడి. దిద్దాల్సిన కాగితాలు కట్టలు కట్టలుగా మోసుకొస్తోంది. నీకు రాయడానికి తీరిక లేదంది. "నేను బాగున్నానని అమ్మకి నువ్వే రాసెయ్ పిన్నీ" అంది. నిజంగానే బాగుంది. మూడేళ్ళ కిందట ఈ ఊళ్ళో ఉద్యోగం వచ్చిందని నువ్వు దాన్ని మా ఇంట్లో దింపి వెళ్ళినప్పుడు గాలేస్తే పడిపోయేలా ఉండేది. ఇప్పుడు బుగ్గలొచ్చాయి.

అసలు సంగతికి వస్తాను. వచ్చే నెల మొదట్లో వసంతం సెలవులు కదా. ఆ ఆదివారం ఓ నలుగురిని ఇంటికి పిలుద్దామనుకుంటున్నాం. పెద్ద విందేం కాదు. భోజనానికి ముందు, కబుర్లు చెప్పుకుంటూ చేత్తో తీసుకుని తినేవి ఏవైనా ఉంటే బాగుంటుంది. నాకు వెంటనే నీ రంగుల పళ్ళెం గుర్తొచ్చింది. నీ పెళ్ళయిన కొత్తలో సెలవులకి మీ ఇంటికి వచ్చినప్పుడల్లా చేసేదానివి చూడు, గులాబీ రంగు, ఆకుపచ్చ, పసుపు, నారింజ, వరసగా పేర్చి. తినాలంటే ప్రాణం ఒప్పేది కాదు. అయినా అందరికంటే ముందు నేనే తినేదాన్ని.

నా వంట సంగతి నీకు తెలుసు. నేను కాస్తే నీళ్ళు కూడా మాడతాయి. అందుకని ఒకటో తరగతి పిల్లకి చెప్పినట్టు, మొదటినుంచీ, ఏదీ వదలకుండా రాయి.

నీ చిట్టి

*

మార్చి 9

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. రెండు వందల మంది రోగులకి జావ కాస్తూ, ఒక చేత్తో గరిటె తిప్పుతూ, ఇంకో చేత్తో పట్టుకుని చదివాను. ఒక మూల జావలో పడింది. ఈ వంటింట్లో ఉప్పూ లేదు, కారమూ లేదు, రంగూ లేదు. తెల్ల జావ, తెల్ల రొట్టె, తెల్లగా ఉడికిన దుంప. పథ్యం చూసే నర్సమ్మ నా ఎదురుగా కూర్చుని బంగారం తూచినట్టు ఉప్పు తూచి ఇస్తుంది. అలాంటిదాన్ని పట్టుకుని రంగుల పళ్ళెం ఎలా చెయ్యాలని అడిగావు. సంబరంలో జావ అడుగంటింది. నర్సమ్మ ముక్కు రెండుసార్లు ఎగబీల్చింది.

సరే, నడుం బిగించు. ముందు పెరుగు. మీగడ తియ్యని పాలు తోడుపెట్టి, గట్టిగా తోడుకున్నాక పల్చటి బట్టలో మూటకట్టి ఒక పూటంతా వేలాడదియ్యి. నీళ్ళన్నీ కారిపోయి వెన్నలాంటి ముద్ద మిగులుతుంది. దాన్ని నాలుగు గిన్నెల్లోకి పంచు.

ఒక గిన్నెకి పాలకూర. మరిగే నీళ్ళలో ముంచి, పది లెక్కపెట్టి, తీసి చల్లటి నీళ్ళలో పడెయ్. పదకొండు వద్దు. ఎక్కువసేపు ఉంచితే పచ్చదనం పోయి బురద రంగొస్తుంది. తరవాత పిండాలి. బట్టలు పిండినట్టు కాదు, ఎవరి మీదో కోపం తీర్చుకుంటున్నట్టు పిండాలి. మెత్తగా నూరి, వేయించిన వేరుశనగల పొడి రెండు చెంచాలు వేసి పెరుగుముద్దలో కలుపు. ఆ పొడిలోనే ఉంది రుచంతా. రెండో గిన్నెకి క్యారెట్. నీళ్ళలో వెయ్యకు, ఆవిరి మీద ఉడికించు. మూడో గిన్నెకి గట్టిగా ఉడికిన గుడ్లలో పచ్చసొన. నాలుగోది బీట్‌రూట్. దీంతో జాగ్రత్త. తొక్క తియ్యకుండా, కాడ వేలెడంత వదిలి ఉడికించు, లేకపోతే రంగంతా నీళ్ళపాలవుతుంది. అన్నిటికన్నా చివర కోయి. ముందు కోశావో, నీ చెయ్యి ఎక్కడ తగిలితే అక్కడ గులాబీ రంగే.

రొట్టెని చిన్న గ్లాసు మూతితో గుండ్రంగా కోసి, పొడిపొడిగా కాల్చి, పల్చగా వెన్న రాయి. వెన్న లేకపోతే తడి పీల్చుకుని చేతిలోనే చీలిపోతుంది. ముద్దలు పెట్టడం మాత్రం జనం వచ్చే గంట ముందే. పైన ముల్లంగి చక్రమో, బఠాణీ గింజో, ఏదో ఒకటి కళ్ళకి ఆనేలా పెట్టు. మనిషికి ఐదు లెక్క వేసుకో. నలుగురికి ఇరవై.

గుడ్లని బీట్‌రూట్ నీళ్ళలో నానబెట్టడం, దోసకాయ చుట్టలు, ముల్లంగి పువ్వులు, ఇవి నీవల్ల కావు. చెయ్యి తిరగాలి. కావాలంటే నేనొచ్చి చేసిపెడతాను. బుల్లిని చూసి ఏడు నెలలైంది. దానికి నా మాటగా చెప్పు, కాగితాలు తరవాత దిద్దుకోవచ్చు, అమ్మకి రెండు ముక్కలు రాస్తే వేళ్ళు అరిగిపోవని.

ఇట్లు,
అక్క

*

మార్చి 15

అక్కా,

నిన్న ఒకసారి చేసి చూశాను. నువ్వు చివర కొయ్యమన్నదాన్ని నేను మొదట కోశాను. దుంపలన్నీ ఒకేసారి అయిపోతాయి కదా అని నా తెలివి. పాలకూర ముద్ద గులాబీ, క్యారెట్ ముద్ద గులాబీ, గుడ్డుసొన గులాబీ. తలుపు గొళ్ళెం గులాబీ. మీ మరిది వచ్చి నా చేతులు చూసి ఎక్కడ కోసుకున్నావని కంగారుపడి దూది తెచ్చారు. పళ్ళెం చూపిస్తే "నాలుగు రంగులన్నావు, మిగతా మూడూ ఏవి?" అన్నారు. బుల్లి పడీ పడీ నవ్వింది.

ఒకటి రెండు అడగాలి. నలుగురికి ఇరవై అన్నావు. అదే ఎనభై చెయ్యాలంటే ఎంత పెరుగు కట్టాలి? మిగిలినవి పక్కింటివాళ్ళకి ఇద్దామని. ఇంకోటి, వేరుశనగ పొడి బదులు ఏం వెయ్యొచ్చు? మీ మరిది ఆఫీసువాళ్ళలో ఎవరికో అవి పడవట.

నువ్వు రావడం గురించి. రావద్దని కాదు అక్కా. ఇంటికి సున్నాలు వేయిస్తున్నాం, నీ గది నిండా సామాను. సెలవుల్లో బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండదు, నీ మోకాలు చూస్తే అలా. వేసవి మధ్యలో తీరిగ్గా వద్దువుగాని, నెల రోజులుందువుగాని.

నీ చిట్టి

*

మార్చి 20

చిట్టీ,

గొళ్ళెం సంగతి చదివి నర్సమ్మకి కూడా వినిపించాను. ఆవిడ ఉద్యోగంలో చేరాక మొదటిసారి నవ్విందట, వార్డుబాయి చెప్పాడు.

ఎనభైకి నాలుగు లీటర్ల పాలు తోడుపెట్టు. వేరుశనగ బదులు నువ్వులు వేయించి పొడికొట్టు. వేరుశనగ తింటే నోరు వాచిపోయే మనిషిని నా జీవితంలో ఒక్కణ్ణే చూశాను, బుల్లి వాళ్ళ నాన్నని. ఆ మహానుభావుడు మనల్ని వదిలిపెట్టి వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. ఆ జబ్బు మాత్రం ఇంకెవరికో అంటించి వెళ్ళాడన్నమాట.

ఇక దొంగాట చాలించు. ఎనభై ముక్కలంటే పదహారు మంది. పక్కింటివాళ్ళకట. మీ పక్కిల్లు తాళం వేసి ఏడాదైందని నువ్వే రాశావు. ఇంటికి సున్నాలు. నా గది నిండా సామాను. రావొద్దు రావొద్దని మూడుసార్లు. బుల్లి ఉత్తరం రాయకపోవడం కూడా ఇందుకే అయివుంటుంది, దాని కడుపులో మాట దాగదు కదా. ఆ ఆదివారం మర్నాడు నాకు యాభై నిండుతాయని నేను మరిచిపోయాననుకున్నావా? చిన్నప్పుడు కూడా ఇంతే నువ్వు. నాకేదైనా ఇవ్వాలనుకుంటే రెండ్రోజుల ముందునుంచీ నా కళ్ళలోకి చూసేదానివి కాదు.

నేనేం అడగను. నాకేం తెలియదు. నన్ను ఎవరు ఎప్పుడు ఎలా పిలుస్తారో మీ ఇష్టం. నా పుట్టినరోజు పళ్ళెం నా చేతే చెప్పించుకుని చేస్తున్నారు చూడు, అందుకు మాత్రం మిమ్మల్ని మెచ్చుకోవాలి. ఈ తొమ్మిదేళ్ళలో నా కోసం ఎవరైనా ఇంత తంటా పడ్డారని వినలేదు. ఇది రాస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఉల్లిపాయల మీదకి నెట్టేశాను.

అక్క

*

మార్చి 26

అక్కా,

నీ ఉత్తరం అందింది. నువ్వు అనుకుంటున్నట్టు ఏమీ లేదు. నిజంగా లేదు. నీ పుట్టినరోజు గుర్తుంది, దానికి వేరే చేద్దాం. ఇది మీ మరిది ఆఫీసువాళ్ళ కోసం. వాళ్ళ పై అధికారి వస్తున్నాడు, అందుకే ఇంత గొడవ. నువ్వు వచ్చినా కొత్తవాళ్ళ మధ్య నీకే తోచదు. దయచేసి ప్రయాణం పెట్టుకోకు.

రెండోసారి చేస్తే కుదిరింది. నాలుగు రంగులూ వచ్చాయి. బుల్లి ఒకటి తిని, "అమ్మ చేసినట్టే ఉంది" అంది.

ఉంటాను. పని తెమలడం లేదు.

చిట్టి

*

ఏప్రిల్ 7

అక్కా,

ముందుగా నీకు యాభై నిండినందుకు మా అందరి తరఫునా శుభాకాంక్షలు. నిన్ననే రాద్దామనుకున్నాను, ఇల్లు సర్దుకోవడంతోనే సరిపోయింది.

ఆదివారం బాగానే గడిచింది. ఎక్కువ మంది రాలేదు. ఆఫీసువాళ్ళు అయిదారుగురు, మేం ముగ్గురం. తిన్నారు, ఎండ పెరిగేలోపు వెళ్ళిపోయారు. చెప్పుకోదగ్గ విశేషాలేం లేవు. పళ్ళెం మాత్రం అందరూ మెచ్చుకున్నారు. మా అక్క నేర్పిందని చెప్పాను.

ఒక సంగతి అర్థం కాలేదు. ఆ రోజు వంటింట్లో మూడు డబ్బాలు కనిపించాయి. ఒకదాంట్లో గులాబీ అంచు గుడ్లు, ఒకదాంట్లో దోసకాయ చుట్టలు, ఒకదాంట్లో ముల్లంగి పువ్వులు, ఐసు నీళ్ళలో. గిన్నెలు తోమడానికి కుదుర్చుకున్న ఆవిడని అడిగితే ఎవరో కొట్టు మనిషి వెనక గుమ్మంలో ఇచ్చి వెళ్ళిందంది. మూతల మీద మీ ఆసుపత్రి ముద్ర ఉంది. ఎవరి చేత పంపించావు? నీకెందుకంత శ్రమ? ఆ వచ్చినావిడ లోపలికేమీ రాలేదట, మంచినీళ్ళు కూడా తాగలేదట. ఎవరో చెబితే ఓ మాట థాంక్స్ చెబుతాను.

డబ్బాలు కడిగి పెట్టాను. ఎవరైనా వస్తుంటే పంపుతాను.

నీ చిట్టి

*

ఏప్రిల్ 11

చిట్టీ,

డబ్బాలు తెచ్చింది నేనే.

అంతా చెబుతాను, నాకు అబద్ధాలు అలవాటు లేదు కాబట్టి. నువ్వు వద్దు వద్దన్నకొద్దీ నాకు నమ్మకం బలపడింది. నాతోపాటు జావ చేసే ఇంకో ఆవిడతో రెండు సెలవురోజుల డ్యూటీ మార్చుకున్నాను. శనివారం మధ్యాహ్నం నర్సమ్మని అడిగి ఆసుపత్రి పొయ్యి మీదే గుడ్లు ఉడికించాను. ముల్లంగులకి రేకులు కోశాను. ఆదివారం మొదటి బస్సు ఎక్కాను. నాలుగు గంటలు మూడు డబ్బాలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో బస్సు ఆగితే సోడాకొట్టులో ఐసు అడిగి వేయించాను. పక్క సీటావిడ ఎక్కడికి అంటే, "నా పుట్టినరోజుకి" అని చెప్పాను. యాభై ఏళ్ళ మనిషి తన పుట్టినరోజుకి తనే వంట మోసుకెళుతోందని ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను.

మీ వీధిలో మూడు కార్లు ఆగి ఉన్నాయి. ముందునుంచి వస్తే మీ ఆట చెడుతుందని సందులోంచి తిరిగి వెనక గుమ్మం దగ్గరికి వచ్చాను. గిన్నెలు తోమే ఆవిడ తలెత్తి చూసింది. వేలు పెదవుల మీద పెట్టి చూపించాను. ఆవిడ నవ్వి పక్కకి జరిగింది. వంటింటి తెర కొంచెం పక్కకి తీశాను.

గోడలకి సున్నం వేసి ఎన్నాళ్ళయిందో ఆ గోడలే చెబుతున్నాయి. హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. బుల్లి నీలం రంగు కొత్త బట్టల్లో తల వంచుకుని కూర్చుంది. దాని ఎదురుగా కళ్ళద్దాల అబ్బాయి. దానికి ఒక పక్కన వాళ్ళ నాన్న. తొమ్మిదేళ్ళ తరవాత చూశాను, జుట్టుకి రంగు వేసుకున్నాడు. చేతిలో నా ఆకుపచ్చ రొట్టె ముక్క, నువ్వుల పొడి వేసింది. రెండో పక్కన నువ్వు.

ఆ అబ్బాయి తల్లి అంది, "అయితే జూన్‌లో పెళ్ళి పెట్టుకుందాం, మీ అమ్మాయిని మా ఇంటికి పంపించడానికి సిద్ధంగా ఉండండి" అని. నీతో అంది. నీ వైపు తిరిగి, నీ చెయ్యి పట్టుకుని అంది. నువ్వు "మా అమ్మాయి మీ ఇంట్లో సుఖపడుతుందని నా మనసుకి తెలుసండీ" అన్నావు. ఆవిడ పళ్ళెం చూసి ఇవన్నీ ఎవరు చేశారంటే "నేనే, ఏదో నాకొచ్చినట్టు" అన్నావు. మా అక్క నేర్పిందని అనలేదు. నాకు చెవులు బాగానే వినిపిస్తాయి.

నేను లోపలికి రావచ్చు. పది అడుగులు. ఎందుకు రాలేదని ఆరు రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను. బుల్లి మొహం చూశాను. అందరిముందూ అది ఏ పక్కకి తిరగాలో తెలియక నలిగిపోతుందని అనిపించింది. గిన్నెలు తోమే ఆవిడ "ఎవరమ్మా మీరు?" అంది. కొట్టు నుంచి వచ్చానని చెప్పి డబ్బాలు ఆవిడ చేతికిచ్చాను.

నా కూతురి పెళ్ళి మాటలకి నాతో వంట చెప్పించుకున్నావు. వేరుశనగకి బదులేంటని అడిగావు. నేను నా చేత్తో రాసి పంపాను, ఆయన నోరు వాచకుండా. ఒక్కటే అడుగుతున్నాను. బుల్లికి తెలుసా?

అక్క

*

ఏప్రిల్ 16

అక్కా,

నీ కాళ్ళు పట్టుకోవడానికి కూడా నాకు మొహం లేదు. అయినా రాస్తున్నాను, వినిపించుకో.

సంబంధం ఫిబ్రవరిలో కుదిరింది. అబ్బాయి బుల్లి స్కూల్లోనే లెక్కల మాస్టారు. వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు. అబ్బాయి తల్లి పద్ధతుల మనిషి, తండ్రి లేకుండా పెళ్ళి మాటలేమిటన్నారు. బావకి కబురు చేశాం. బావ వస్తానన్నారు, అయితే నువ్వు వస్తే తను గడప తొక్కనన్నారు. నీ నోటికి ఆయన భయపడతారు, నలుగురిలో పాత గొడవలు తవ్వుతావని. నేనేం చెయ్యను? అటు సంబంధం పోతుంది, ఇటు నువ్వు. నువ్వయితే నా దానివి, తరవాత ఎలాగైనా సర్దిచెప్పుకోవచ్చు అనుకున్నాను.

బుల్లికి తెలుసా అని అడిగావు. తెలుసు. మొదట బాధపడింది, తరవాత ఒప్పుకుంది. ఈ ఒక్కరోజుకీ అమ్మ లేకపోయినా సరే పిన్నీ అంది. చిన్నపిల్ల, ఇష్టపడినవాడు చెయ్యిజారిపోతాడని భయం. దాని మీద కోపం పెట్టుకోకు. దాన్ని అడిగి ఏడిపించకు కూడా, పెళ్ళి ముందు మొహం వాడిపోతే బాగుండదు. అనేదేదో నన్నను.

కనీసం నీ చేతి రుచైనా ఆ గదిలో ఉండాలనే నిన్ను వంట అడిగాను. అది మాత్రం నిజం.

ఇంకోటి కూడా నిజమే, రాసేస్తాను. నాకు పిల్లలు లేరు. మూడేళ్ళుగా బుల్లికి నేనే అన్నం పెట్టాను. జ్వరం వస్తే నేనే కూర్చున్నాను. ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. ఆవిడ "మీ అమ్మాయి" అన్నప్పుడు కాదని చెప్పడానికి నా నోరు రాలేదు. రెండు గంటలక్కా. రెండు గంటలు నాకూ ఒక కూతురుందనిపించింది.

క్షమించమని అడగను. ఒక్క జవాబు రాయి.

నీ చిట్టి

*

మే 2

చిట్టీ,

జవాబు అడిగావు. రాయడానికి రెండు వారాలు పట్టింది. అందులో పది రోజులు నేను నా కూతురి మీద కోపంతో గడిపాను. జావ కలుపుతూ తిట్టుకున్నాను, అంట్లు సర్దుతూ తిట్టుకున్నాను. పెంచిన నా చేతులే సరిగ్గా లేవేమో అనుకున్నాను. ఒకరోజు జావలో ఉప్పు రెండుసార్లు వేశాను. నర్సమ్మ ఆ గంగాళమంతా పారబోయించి, నన్ను పక్కకి కూర్చోబెట్టి, "ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగింది. అవునన్నాను.

పోయిన ఆదివారం బుల్లి వచ్చింది. చెప్పాపెట్టకుండా, తిన్నగా ఆసుపత్రి వంటింటికి. గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విడవకుండా, "ఎందుకు రాలేదమ్మా?" అంది.

"ఎక్కడికి?" అన్నాను.

"నాన్న ఉన్న గడప తొక్కనన్నావటగా. నా కంటే ఆ పంతమే నీకు ఎక్కువా?"

నేను చేతిలో ఉన్న గరిటె కింద పెట్టాను. "ఎవరు చెప్పారే?"

"పిన్ని. నేను నీకు ఉత్తరం రాశాను కదా, నాలుగు పేజీలు, రమ్మని. అబ్బాయి గురించి కూడా అంతా రాశాను. టపాలో వెయ్యమని పిన్నికిచ్చాను. పది రోజుల తరవాత, నువ్వు రానన్నావని, జవాబు తనకే రాశావని చెప్పింది."

"ఆ జవాబు చూశావా?"

"చూపించమన్నాను. అందులో నాన్నని అన్న మాటలు నేను చదవలేనంది."

నాకు చేరని ఉత్తరం, నేను రాయని జవాబు. పొయ్యి మీద జావ పొంగి మంట ఆరిపోయింది. దాన్ని ఎవరు చూసుకున్నారో నాకు తెలియదు.

అది ఎందుకు వచ్చిందో తెలుసా? ఆ రోజు దోసకాయ చుట్ట ఒకటి తింది. నువ్వు అన్నీ చేశానని చెప్పినా, ఇది పిన్ని చెయ్యి కాదని దానికి తెలిసిపోయింది. పరీక్షల పని అయ్యేదాకా మనసులో పెట్టుకుంది. ఆ గిన్నెలు తోమే ఆవిడని వెతికి పట్టుకుని అడిగింది. "కొట్టు మనిషినంది గానీ తెర పట్టుకుని చాలాసేపు నిలబడింది, వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుని నడిచింది" అని ఆవిడ చెప్పిందట. అమ్మ గుమ్మందాకా వచ్చి పంతానికి లోపలికి రాకుండా వెళ్ళిందనుకుని, నాతో పోట్లాడాలనే బస్సెక్కింది.

నువ్వు రాసిన ఉత్తరాలన్నీ దాని ముందు పెట్టాను. మార్చి నాలుగు నాటిది మొదలు ఏప్రిల్ పదహారు నాటిది దాకా. నా మంచం మీద కూర్చుని వరసగా చదివింది. "ఈ ఒక్కరోజుకీ అమ్మ లేకపోయినా సరే పిన్నీ అంది" అన్న చోట ఆగి, ఆ వాక్యం మీద వేలు పెట్టి, "నేనెప్పుడన్నానమ్మా?" అంది. నాకు ఆ వేలే చాలింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి ఆఫీసు నుంచి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. అమ్మ వస్తే గడప తొక్కనన్నారా అని అడిగింది. ఆయన, "నేనలా అనలేదే. మీ పిన్నే, అక్క వస్తే మీకు ఇబ్బందేమో బావా అంది. వస్తే రానీ, నాకేం అన్నాను" అన్నాడట. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయన మాట నమ్మాను. అది కూడా నీ పుణ్యమే.

ఆయన నన్ను వదిలి వెళ్ళినప్పుడు మొహం మీద చెప్పి వెళ్ళాడు. సామాను పట్టుకుని, ముందు గుమ్మంలోంచి. దాన్ని తట్టుకున్నాను. నువ్వు నా మోకాలి నొప్పి అడుగుతూ, వెనకనుంచి నా కూతుర్ని తీసుకోబోయావు. పట్టుబడ్డాక కూడా నిజం చెప్పలేదు. తప్పంతా దాని మీదకి తోసి, దాన్ని అడగొద్దని నాకే జాగ్రత్తలు చెప్పావు. నేను నిజంగానే అడగకుండా ఊరుకుంటే ఏమయ్యేది? అది రాకపోతే? నేను దాన్ని, అది నన్ను చచ్చేదాకా తిట్టుకుంటూ ఉండేవాళ్ళం, మధ్యలో నువ్వు ఇద్దరినీ ఓదారుస్తూ.

నీకు పిల్లలు లేని బాధ నాకు తెలుసు. తెలిసే కదా దాన్ని నీ ఇంట్లో ఉంచాను. జ్వరం వస్తే నువ్వే కూర్చున్నావు, కాదనను. ఆ కుర్చీ కావాలని నన్ను అడిగివుంటే, నవ్వుతావేమోగానీ, నీ పక్కనే ఇంకో కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఇద్దరు తల్లులని చెప్పుకునేవాళ్ళం. అడగలేదు నువ్వు.

బుల్లి శనివారం వచ్చి తన సామాను తీసుకెళుతుంది. స్కూలు పక్కనే ఇద్దరు టీచరమ్మలు అద్దెకున్న ఇంట్లో ఒక గది దొరికింది. మీ మరిదికి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. దాని ముందు ఏడవకు. అబ్బాయికి, వాళ్ళమ్మకి జరిగిందంతా అదే చెప్పింది. ఆవిడ నిన్న తనే ఇక్కడికి వచ్చింది. నా గదిలో ఉన్నది ఒకటే కుర్చీ, అందులో ఆవిడని కూర్చోబెట్టి నేను మంచం మీద కూర్చున్నాను. పెళ్ళి జూన్ పధ్నాలుగున.

వెళ్ళే ముందు బుల్లి నన్ను అడిగింది, పిన్నిని పిలవాలా వద్దా అని. ఆలోచించి చెబుతానన్నాను. అది నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది, పన్నెండేళ్ళప్పుడు పడుకున్నట్టు. లేచాక చెప్పాను. పిలువు, మూడేళ్ళు అన్నం పెట్టింది, ఆ మాట కాదనకూడదు అన్నాను. ఉత్తరం నువ్వే రాయి, నీ చేత్తో నువ్వే టపాలో వెయ్యి, ఇంకెవరికీ ఇవ్వకు అన్నాను.

రావాలో వద్దో నువ్వే తేల్చుకో. నేను రమ్మనడం లేదు.

బుల్లి వాళ్ళమ్మ